మందుల చీటీ కూడా చెక్కు లాంటిదే

కుక్క మందుల గురించి బ్యాంకు ఉద్యోగి రాయడమేమిటని మీకు సందేహం రావచ్చు. రావడంలో తప్పు లేదు. పశువైద్యం నా చదువు కాదు. బరంపురంలోనే పుట్టి, ఇక్కడే బి.కాం. చదివి, ముప్పై ఏళ్ళుగా బ్యాంకులో పద్దులు సరిచూస్తున్నవాణ్ణి. అయితే గత రెండేళ్ళుగా మా ఇంట్లో ఓ పెద్దప్రాణం, ఓ చిన్నప్రాణం ఒకదాన్నొకటి పట్టుకుని బతుకుతున్నాయి. పెద్దప్రాణం మా అమ్మ. ఎనభై మూడేళ్ళు. చిన్నప్రాణం మా తెల్ల పొమరేనియన్ కుక్క. పన్నెండేళ్ళు. ఆ చిన్నప్రాణానికి రోజూ కావలసిన మందుల్లో ఒకటి మా ఊళ్ళో దొరకదు. నెట్‌లో తెప్పించుకోవాలి. అలా తెప్పించుకోవడంలో తెలిసివచ్చిన నాలుగు సంగతులు మన సంఘం కుటుంబాలకు పనికొస్తాయని ఈ చిన్న ప్రయత్నం.

ముందుగా కుక్కగారి పరిచయం. మా అమ్మాయి పెట్టిన పేరు స్నోయీ. మా అమ్మ నోట పడి వారం తిరక్కుండానే అది సన్నాయి అయిపోయింది. ఇప్పుడు స్నోయీ అని పిలిస్తే అది పలకదు. నాన్నగారు పోయాక అమ్మకి ఇంట్లో పగటిపూట తోడు సన్నాయి ఒక్కటే. నేనూ, మా ఆవిడా ఉద్యోగాలకు పోతాం. అమ్మాయి బెంగుళూరులో ఉంది. మా వీధిలో ఒకప్పుడు పది తెలుగిళ్ళు ఉండేవి, ఇప్పుడు మూడు మిగిలాయి. అమ్మకి ఒడియా అర్థమవుతుంది, బజారుకు సరిపడా మాట్లాడుతుంది. కాని కష్టం సుఖం చెప్పుకోవాలంటే తెలుగే కావాలి. ఆ చెప్పుకునేది విని, చెవులు రిక్కించి, తోక ఆడించడానికి సన్నాయి ఉంది. అందుచేత సన్నాయి ఆరోగ్యమంటే మా ఇంట్లో అమ్మ ఆరోగ్యమే.

రెండేళ్ళ కిందట మాఘమాసంలో సన్నాయికి రాత్రిపూట దగ్గు మొదలైంది. చలిగాలి కాబోలు అనుకున్నాం. మా పశువుల డాక్టరు గారు గుండె మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నారు. భువనేశ్వర్ పశువైద్య కళాశాలకు తీసుకెళ్ళమన్నారు. ఎక్స్‌రే, గుండె స్కానింగు అయ్యాక తేలిందేమిటంటే, గుండె ఎడమపక్క కవాటం సరిగ్గా మూసుకోవడం లేదు, రక్తం కొంత వెనక్కి మళ్ళుతోంది. చిన్నజాతి కుక్కలకు వయసు మీదపడ్డాక తరచుగా వచ్చే జబ్బేనట. నయం కాదు, మందులతో నెట్టుకురావచ్చు.

రెండు మందులు రాశారు. ఒకటి ఫ్యూరోసెమైడ్. ఊపిరితిత్తుల్లో చేరే నీటిని మూత్రం ద్వారా బయటికి పంపేది. మనుషులకు ఇచ్చేదే గనుక వీధి చివర మందుల దుకాణంలో దొరుకుతుంది. రెండోది పిమోబెండాన్. గుండె కండరానికి బలమిచ్చి, రక్తనాళాలను సడలించి, గుండె మీద భారం తగ్గించే మందు. ఇది జంతువుల కోసం తయారయ్యే మందు. మా సన్నాయి బరువును బట్టి 1.25 మి.గ్రా. మాత్ర, ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి, తిండికి గంట ముందు. "ఒక్క పూట కూడా మానకండి" అన్నారు డాక్టరు గారు.

మా ఊళ్ళో పశువుల మందుల దుకాణాలు లేకపోలేదు. ఆవులకు కాల్షియం, మేకలకు నట్టల మందు, కోళ్ళకు విటమిన్లు కావలసినన్ని ఉంటాయి. పల్లెలకు కావలసినవి అవే మరి. కుక్క గుండె మాత్రలు కొనేవాళ్ళు ఊరు మొత్తం మీద ఎందరుంటారు? తెచ్చి పెట్టుకుంటే గడువు దాటిపోతుందని వాళ్ళ భయం. భువనేశ్వర్ సుమారు 170 కిలోమీటర్లు, విశాఖపట్నం ఇంకా దూరం. నెలనెలా మాత్రల కోసం రైలెక్కలేం. రాయగడ, జయపురం, షోలాపురం, బళ్ళారి, యానాంలో ఉన్న మన వాళ్ళకూ ఇదే చిక్కు ఉంటుందనుకుంటాను. అందుకే నెట్ అంగడి.

మొదటిసారి వెతికినప్పుడు రెండు చోట్లు కనిపించాయి. ఒకచోట డాక్టరు చీటీ ఫోటో పంపితే గాని ఆర్డరు తీసుకోమన్నారు. రెండోచోట చీటీ అక్కర్లేదు, ధర సగమే, "ఈ రోజుతో ఆఖరు" అని ఎర్రక్షరాలు, కింద ఒక వాట్సాప్ నంబరు. మా అమ్మాయి ఫోన్ చేసి, "నాన్నా, రెండోది చవగ్గా ఉంది, పైగా చీటీ గొడవ లేదు. ఆర్డరు పెట్టేయనా?" అంది.

"చీటీ అడగలేదనే నాకు అనుమానం తల్లీ" అన్నాను.

"అదేమిటి నాన్నా, పని సులువు చేసినవాణ్ణి అనుమానిస్తారా?"

"మా బ్యాంకులో సంతకం చూడకుండా డబ్బిచ్చే క్యాషియరు ఉన్నాడనుకో. డబ్బు తీసుకునేవాళ్ళకి సులువే. కాని ఆ బ్యాంకులో నువ్వు డిపాజిట్ ఉంచుతావా?"

అమ్మాయి నవ్వేసి మొదటి చోటే ఆర్డరు పెట్టింది. ఆ మాట నేను ఏదో అలవాటుగా అన్నాను గాని, తరవాత ఆలోచిస్తే అందులో చాలా సంగతి ఉందనిపించింది. మేము కౌంటరులో చెక్కును అయిదు విధాలుగా చూస్తాం. సంతకం ఎవరిది? ఎవరి పేరు మీద రాశారు? అంకె ఎంత? తేదీ ఏమిటి? ఏ బ్యాంకు, ఏ శాఖ మీదిది? ఈ అయిదింట్లో ఏ ఒక్కటి తేడా వచ్చినా మిగతా నాలుగూ ఎంత చక్కగా ఉన్నా ప్రయోజనం లేదు. మందునూ అలాగే చూడాలి. వరసగా చెబుతాను.

మొదటిది సంతకం. మందుల నాణ్యత, అమ్మకం గురించి మన దేశంలో ఉన్నది 1940 నాటి ఔషధ చట్టం. అది మనుషుల మందులకే కాదు, జంతువుల మందులకూ వర్తిస్తుంది. డాక్టరు చీటీ మీదనే అమ్మవలసిన మందుల అట్ట మీద ఎడమ పక్కన ఆర్‌ఎక్స్ అనే గుర్తు ఉంటుంది. జంతువుల విషయంలో ఆ చీటీ రాయవలసినవారు రిజిస్టరైన పశువైద్యులు. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం కింద వారికి రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. చీటీలో డాక్టరు గారి పేరు, ఆ నంబరు, తేదీ, జంతువు ఏది, దాని బరువెంత, మందు అసలు పేరు, మోతాదు, ఎన్ని రోజులకు అన్నవి స్పష్టంగా రాయించుకోండి. అడిగితే డాక్టర్లు విసుక్కోరు. మా డాక్టరు గారైతే, "ఇలా అడిగేవాళ్ళుంటే నాకూ ధైర్యం" అన్నారు. ఇంకో సంగతి. ఫ్యూరోసెమైడ్ లాంటి మనుషుల మందు జంతువు కోసం కొంటున్నప్పుడు దుకాణదారు తటపటాయించవచ్చు. జంతువు చికిత్సకు పశువైద్యుడి చీటీ చెల్లుతుందని మర్యాదగా చెప్పి ఆ చీటీయే చూపించండి. మనిషి పేరు చెప్పి కొనకండి. అప్పుడు బిల్లు ఒకరిది, మందు ఇంకొకరిది అవుతుంది.

రెండోది ఎవరి పేరు మీద. అకౌంట్ పేయీ అని రెండు గీతలు గీసిన చెక్కు ఆ పేరువాడి ఖాతాలోకే వెళ్ళాలి. మందు కూడా అంతే. జంతువుల కోసమే తయారైన మందు మీద "మనుషుల వాడకానికి కాదు, జంతువుల చికిత్సకు మాత్రమే" అనే అర్థం వచ్చే మాటలు ఇంగ్లీషులో ఉంటాయి, పక్కన పశువు తల బొమ్మ ఉంటుంది. నెట్‌లో పెట్టిన ఫోటోలో అది కనబడుతుందా అన్నది చూడండి. జంతువులన్నీ ఒకటి కావు. కుక్కల మీద గోమార్లకు వేసే కొన్ని చుక్కల మందుల్లో పెర్మెత్రిన్ ఉంటుంది. కుక్క దాన్ని తట్టుకుంటుంది, పిల్లి తట్టుకోలేదు, వణుకు, మూర్ఛ వచ్చి ప్రాణానికే ముప్పు. మనం జ్వరానికి మింగే పారాసెటమాల్ ఒక్క మాత్ర పిల్లిని చంపగలదు. ఒళ్ళు నొప్పులకు వేసుకునే ఐబుప్రొఫెన్ కుక్క కడుపులో పుళ్ళు పుట్టించి కిడ్నీలను దెబ్బతీస్తుంది. కొన్ని తియ్యటి సిరప్పుల్లో వాడే జైలిటాల్ అనే తీపి పదార్థం కుక్కలకు విషం. నెట్ మందు రావడం ఆలస్యమైందని ఇంట్లో మాత్ర సగం విరిచి వేసే అలవాటు మన ఇళ్ళలో ఉంది. ప్రేమకొద్దీ చేసే పనే, కాని చెయ్యకూడని పని.

మూడోది అంకె. ఇది మా ఇంట్లో జరిగిందే చెబుతాను. మూడోసారో నాలుగోసారో ఆర్డరు పెట్టినప్పుడు పార్సెలు వచ్చింది. అదే కంపెనీ, అదే రంగు పెట్టె, అదే మందు. మా ఇంట్లో నియమం ఏమిటంటే పెట్టె విప్పగానే మందు డబ్బాలో వెయ్యం. ఒకరు చీటీ చదవాలి, ఇంకొకరు అట్ట చదవాలి. బ్యాంకులో ఒకరు రాసిన పద్దును ఇంకొకరు టిక్కు పెట్టినట్లు. నేను "ఒకటి పాయింటు రెండు అయిదు" అన్నాను. మా ఆవిడ కళ్ళజోడు సవరించుకుని, "ఇక్కడ ఒట్టి అయిదే ఉందండీ" అంది. చూస్తే 5 మి.గ్రా. మాత్రలు! ఒక్కో మాత్ర నాలుగింతల మందు. అది వేసి ఉంటే ఆ గుండె ఏమయ్యేదో తలచుకుంటేనే భయమేసింది. నాలుగు ముక్కలు చేసుకుంటే సరిపోదా అని ఆలోచన వచ్చి డాక్టరు గారిని అడిగాం. ముక్కలు సమానంగా రావు, వద్దు అన్నారు. చీటీ, ఆర్డరు, బిల్లు, పెట్టె ఫోటో నాలుగూ జతచేసి అమ్మినవారికి పంపాం. కాగితాలన్నీ సక్రమంగా ఉండబట్టి వాళ్ళు మారు మాట్లాడకుండా వెనక్కి తీసుకుని సరైన మాత్రలు పంపారు. అందుకు తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ ఇంట్లో పాత మాత్రలు ఉన్నాయి గనుక బతికిపోయాం. ఆ నిలవ గురించి తరవాత చెబుతాను.

నాలుగోది తేదీ. చెక్కుకు 2012 ఏప్రిల్ 1 నుంచి మూడు నెలలే ఆయుష్షు, ఆపైన అది చిత్తు కాగితం. మందుకు గడువు తేదీ అట్ట మీదే ముద్రించి ఉంటుంది. అది పోయకుండా, చెరపకుండా, పైన ఇంకో కాగితం అంటించకుండా ఉండాలి. పెట్టె మీది బ్యాచి నంబరు, లోపలి అట్ట మీది నంబరు, బిల్లులో నంబరు మూడూ ఒకటే కావాలి. సగం ధరకు వచ్చే మందుల్లో కొన్ని నిజమైనవే అయినా గడువు నెలలోనో రెండు నెలల్లోనో ముగిసేవి ఉంటాయి. మూడు నెలల మందు కొని రెండు నెలల్లో గడువు దాటితే ఆదా ఏముంది?

తేదీతో పాటు ఎండ సంగతి కూడా చూడాలి. మా గంజాం జిల్లా వైశాఖం ఎండలు, సముద్రపు చెమట మీకు తెలియనివి కావు. ఎండలో నిలబెట్టిన వ్యానులో పార్సెలు మధ్యాహ్నమంతా ఉడికితే, గడువు ఎంత ఉన్నా మందు గుణం చెడవచ్చు. మాత్రలు మెత్తబడినా, రంగు మారినా, అంటుకుపోయినా వాడకండి. ఇన్సులిన్, టీకాలు 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండవలసినవి. వాటిని మామూలు పార్సెల్లో తెప్పించే ఆలోచన పెట్టుకోవద్దు. టీకా డాక్టరు దగ్గరే వేయించండి.

అయిదోది ఏ బ్యాంకు, ఏ శాఖ. అంటే అమ్మేది ఎవరు? నెట్‌లో అందమైన బొమ్మ ఎవరైనా పెట్టగలరు. ఆ బొమ్మ వెనక ఇటుకలతో కట్టిన దుకాణం, గోడకు వేలాడే లైసెన్సు ఉండాలి. చిల్లర మందుల దుకాణానికి రాష్ట్ర ఔషధ శాఖ ఇచ్చే లైసెన్సు నంబరు బిల్లు మీద ఉంటుంది. నెట్‌లో మందుల అమ్మకానికి ప్రత్యేక నియమాల ముసాయిదా 2018 ఆగస్టులో వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు లైసెన్సు లేకుండా నెట్‌లో మందులు అమ్మడాన్ని ఆపమంది. కాబట్టి "మాది ఆన్‌లైన్, మాకు లైసెన్సు అవసరం లేదు" అన్నవాడి మాట నమ్మకండి. ఏదైనా అమ్మే ప్రతి నెట్ అంగడీ తన చిరునామా, ఫిర్యాదులు చూసే అధికారి పేరు చూపించాలని 2020 నాటి వినియోగదారుల నియమాలు చెబుతున్నాయి. ఫిర్యాదు అందినట్లు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. ఆ పేరు, చిరునామా లేని చోట కొనడమంటే ఊరూ పేరూ లేని మనిషికి అప్పివ్వడమే.

అమ్మేవాణ్ణి పరీక్షించడానికి నాకు బాగా నచ్చిన ఒక గుర్తు ఉంది. డైక్లోఫెనాక్ అనే నొప్పి మందును పశువులకు వాడకూడదని మన ప్రభుత్వం 2006లో నిషేధించింది. ఆ మందు వేసిన పశువు చనిపోతే, ఆ మాంసం తిన్న రాబందుల కిడ్నీలు చెడి అవి గుంపులు గుంపులుగా రాలిపోయాయి. జటాయువు వంశాన్ని మనం రావణుడి కత్తి లేకుండానే తుడిచిపెట్టినంత పని చేశాం. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ అనే మరి రెండు మందులను కూడా పశువులకు నిషేధించారు. ఇవి పశువుల మందులని చెప్పి అమ్మకానికి పెట్టినవాడు కనిపిస్తే, ఆ అంగడిలో మిగతా మందుల జోలికి కూడా పోకండి. ఒక పద్దు కావాలని తప్పు రాసినవాడి లెడ్జరు మొత్తం అనుమానించాల్సిందే.

ఇక డబ్బు కట్టే సంగతి. ఇది నా వృత్తి గనుక కొంచెం గట్టిగా చెబుతాను.

క్రితం ఏడాది మా శాఖకు ఒక రిటైర్డు మేష్టారు వచ్చారు. చొక్కా తడిసిపోయి ఉంది. వారి లాబ్రడార్‌కు గోమారు జ్వరం, తినడం మానేసింది. ఎవరో పంపిన ప్రకటన చూసి, మూడు నెలలు పనిచేసే గోమారు మాత్రలకని యూపీఐ ద్వారా డబ్బు పంపారు. కాసేపటికి అవతలివాడు ఫోన్ చేసి, "స్టాకు లేదండీ, మీ డబ్బు వాపసు ఇస్తాం, ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అన్నాడట. కొట్టారు. రెండోసారి కూడా డబ్బు పోయింది. మేష్టారి బాధ డబ్బు గురించి కూడా కాదు. "బాబూ, అది నా మొహం చూస్తోంది, నేను మందు తెస్తానని" అన్నారు.

వెంటనే మా కుర్చీలోనే కూర్చోబెట్టి 1930 నంబరుకు ఫోన్ చేయించాను. సైబర్ మోసాల ఫిర్యాదుకు దేశమంతటికీ ఒకటే నంబరు అది. మా వైపు నుంచి కూడా ఫిర్యాదు నమోదు చేశాం. మోసం జరిగి గంట కూడా కాలేదు గనుక రెండో మొత్తం అవతలి ఖాతాలో ఆగింది. మొదటిది అప్పటికే చేతులు మారిపోయింది. జ్వరం సంగతికి మా డాక్టరు గారి దగ్గరికి పంపాం. రక్తపరీక్ష చేసి మందు మొదలుపెట్టారు. ఆ మందు మా ఊళ్ళో ఏ దుకాణంలోనైనా దొరికేదే. ఇది విని నాకు మరీ బాధ కలిగింది.

అందరూ గుర్తుంచుకోవలసింది ఒక్కటే. పిన్ కొట్టేది డబ్బు ఇవ్వడానికి, తీసుకోవడానికి ఎన్నడూ కాదు. మీకు తెలియకుండా ఖాతాలోంచి డబ్బు పోతే, అందులో మీ తప్పుగాని బ్యాంకు తప్పుగాని లేనప్పుడు, మూడు పనిదినాల్లో తెలియజేసిన ఖాతాదారుకు నష్టం రాకూడదని రిజర్వు బ్యాంకు 2017 జులైలో ఆదేశించింది. కాని మనమే పిన్ కొట్టి పంపినదానికి ఆ రక్షణ కోరడం కష్టం. అక్కడ మనల్ని కాపాడేది త్వరగా ఫిర్యాదు చేయడమే. కొత్త అంగడిలో మొదటిసారి కొంటే, వీలున్నచోట వస్తువు చేతికందాక డబ్బివ్వండి. లేదా ఆ అంగడి సొంత పద్ధతిలో కట్టండి. ఎవరో ఒక వ్యక్తి సొంత ఫోన్ నంబరుకు మందు డబ్బు పంపకండి. డబ్బు కట్టేముందు తెరమీద వచ్చే పేరు, అంగడి పేరు ఒకటేనా అని చూడండి. వస్తువులో తేడా వచ్చి అమ్మినవాడు వినకపోతే జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915 ఉంది.

మేష్టారు చదువు లేనివారు కాదు, తెలివి తక్కువవారూ కాదు. వారిని పట్టింది తొందర. జబ్బు పడ్డ జీవి ఎదురుగా ఉంటే ఎవరికైనా తొందరే. మోసగాడికి కావలసిందీ అదే. కనుక తొందర రాకుండా చూసుకోవడమే అసలు జాగ్రత్త. ఆ రోజుకారోజు కావలసిన మందు నెట్‌లో కొనేది కాదు. జ్వరం, వాంతులు, ఊపిరి ఆడకపోవడం, మూర్ఛ, ఇలాంటివాటికి డాక్టరు దగ్గరికే పరుగెత్తాలి. నెట్ అంగడి పనికొచ్చేది ఏ మందు కావాలో ముందే తేలి, రోజూ వాడవలసినవాటికి.

అలాంటివాటికి నిలవ ఉండాలి. మా తీరప్రాంతం వాళ్ళకు ఇది తుపానులు నేర్పిన పాఠం. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు దాటి మా గంజాం, గజపతి జిల్లాల్నీ ముంచింది. రైళ్ళు ఆగాయి, కరెంటు లేదు, ఫోన్లు లేవు. అలాంటప్పుడు ఏ పార్సెలు వస్తుంది? అందుకని మా ఇంట్లో మూడు వారాల మాత్రలు మిగిలి ఉండగానే కొత్త ఆర్డరు పెడతాం. అంతకంటె ఎక్కువ కొని దాచం. డాక్టరు గారు మోతాదు మార్చవచ్చు, గడువు దాటవచ్చు. వాడుతున్న మందు ఎన్ని రోజులకు వస్తుందో లెక్క కట్టి, ఆర్డరు పెట్టవలసిన తేదీని గోడ కేలండరు మీద ఎర్రసిరాతో చుట్టి పెడతాను. మా ఆవిడ దాన్ని సన్నాయి జీతం తారీఖు అంటుంది.

ఇంకొక సంగతి మన ప్రవాసాంధ్ర కుటుంబాలకే ప్రత్యేకం. మందుల అట్టల మీద ఉండేది ఇంగ్లీషు, డాక్టరు గారు చెప్పేది ఒడియా. మా అమ్మ చదవగలిగేది తెలుగొక్కటే. పగలు మందు వేసేది అమ్మే. కనుక రెండు డబ్బాలకు రెండు రంగుల కాగితాలు అంటించి, పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి పెట్టాను. "సన్నాయి గుండె మాత్ర. ఒకటి. తిండికి గంట ముందు." "సన్నాయి నీటి మాత్ర. సగం." అమ్మ సొంత రక్తపోటు మాత్రలు వేరే గూట్లో ఉంటాయి. మీ ఇళ్ళలో ఎవరు ఏ లిపి చదవగలరో చూసుకుని అలా రాసి పెట్టండి. తమిళనాడులో, కర్ణాటకలో పెరిగిన మన పిల్లల్లో చాలామందికి తెలుగు చదవడం రాదు, పెద్దలకు అక్కడి లిపి రాదు. ఇద్దరూ మందు వేసే ఇంట్లో రెండు లిపులూ ఉండాలి. జంతువుల మాత్రలు కొన్నిటికి మాంసం రుచి కలుపుతారు, కుక్క వాసన పట్టి పెట్టె మొత్తం తినెయ్యగలదు. అందుచేత ఎత్తులో పెట్టండి.

మందు సరిగ్గా పనిచేస్తోందా అన్నది కూడా ఇంట్లో కొంతవరకు తెలుస్తుంది. డాక్టరు గారు అమ్మకి ఒక పని అప్పగించారు. సన్నాయి నిద్రపోతున్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి పీలుస్తోందో లెక్కపెట్టాలి. ఛాతీ ఒకసారి లేచి దిగితే ఒకటి. నిద్రలో ముప్పై లోపల ఉంటే మంచిది, రోజూ ఉండేదానికంటె పెరుగుతూ ముప్పై దాటితే ఆలస్యం చేయకుండా ఫోన్ చెయ్యాలి. అమ్మ గోడ గడియారం కింద పీట వేసుకుని కూర్చుని, వేళ్ళ కణుపుల మీద జపం లెక్కలాగే లెక్కపెడుతుంది. పాత డైరీలో రాసిపెడుతుంది. ఇరవై రెండు, ఇరవై నాలుగు, ఇరవై రెండు. కొత్త పెట్టె తెరిచిన రోజు తేదీ పక్కన చుక్క పెట్టమన్నాను. మందులో తేడా ఉంటే ఆ చుక్క తరవాత అంకెల్లో తెలిసే అవకాశముంది. ఒక వర్షాకాలం రాత్రి అంకె ముప్పై ఆరుకు పోయింది. "ఒరే, లే, దీని లెక్క తప్పింది" అని అమ్మ నన్ను లేపింది. డాక్టరు గారు నీటి మాత్ర మోతాదు పెంచారు. రెండు రోజుల్లో అంకె దిగివచ్చింది. ఆ మోతాదు మార్పుతో కొత్త చీటీ రాయించుకుని పాతది కొట్టేశాం. పాత చీటీతో ఆర్డరు పెడితే పాత మోతాదే వస్తుంది కదా.

"కుక్కకి ఇంత అవసరమా?" అని మా బంధువులే అడిగారు. అడగడంలో తప్పు లేదు. మనుషులకే మందులు అందని ఇళ్ళు మన మధ్య ఉన్నాయి. నేను వాదించను. ఒకటి మాత్రం చెబుతాను. ఈ అయిదు పరీక్షలూ మనుషుల మందులకూ అక్షరాలా వర్తిస్తాయి. సన్నాయి కోసం నేర్చుకున్న పద్ధతిలోనే ఇప్పుడు అమ్మ మాత్రలూ కొంటున్నాం. బాగా అమ్ముడయ్యే 300 రకాల మనుషుల మందుల మీద 2023 ఆగస్టు నుంచి క్యూఆర్ కోడ్ ఉండాలన్నారు. ఫోనుతో చూస్తే తయారుచేసినవారు, బ్యాచి, గడువు కనబడతాయి. అమ్మ మాత్రల్లో ఒకదాని మీద ఆ కోడ్ ఉంది. దాన్ని పరీక్షించడం మా ఆవిడకు ఇప్పుడు సరదా.

సన్నాయి ఇంకా ఎంతకాలం ఉంటుందని మేము డాక్టరు గారిని అడగలేదు, వారూ చెప్పలేదు. ఈ మందు ఆయుష్షును గ్యారంటీ ఇవ్వదు. ఉన్నన్నాళ్ళు దగ్గు లేకుండా, ఆయాసం లేకుండా, అమ్మ చెప్పే పాత ఊసులు వింటూ ఉండాలని మా కోరిక. అందుకు మేము చెయ్యగలిగింది, దాని నోట్లో వేసే ప్రతి మాత్రా డాక్టరు గారు రాసిన మాత్రే అయ్యేట్టు చూడడం.

ఈ పేజీ చదివాక ఒక్క పని చెయ్యండి. మీ ఇంట్లో కుక్కో, పిల్లో, ఆవో ఉంటే వాటి డాక్టరు చీటీ ఎక్కడుందో ఇవాళే వెతకండి. దొరికితే ఫోటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచండి. దొరకకపోతే, లేదా అది నిరుటిదైతే, డాక్టరు గారి దగ్గరికి వెళ్ళి బరువు తూయించి కొత్తది రాయించుకోండి. డాక్టరు గారి నంబరు, 1930, 1915, ఈ మూడూ గోడ కేలండరు పక్కన పెద్ద అంకెల్లో రాసి పెట్టండి. మీరు తీసుకునే ఇంకేదైనా జాగ్రత్త నా దృష్టికి రాకుండా పోయి ఉంటే సంపాదకులకు రాయండి. వచ్చే సంచికలో అందరం చదువుకుందాం.